మడత సైకిలుకు తాళం

మడత సైకిలు అనగా కీళ్ళ వద్ద మడిచి, చేత పట్టుకొని రైలులోనో బస్సులోనో తీసుకుపోగల చిన్న చక్రాల సైకిలు. 1976లో లండనులో ఆండ్రూ రిచీ స్థాపించిన బ్రాంప్టన్, 1982లో అమెరికాలో డేవిడ్ హాన్ స్థాపించిన డాహన్ ఈ రంగంలో ప్రసిద్ధ సంస్థలు. వీటిలో అనేక రకాల బరువు 9 నుండి 14 కిలోల వరకు ఉంటుంది. ఈ సైకిలును మోసుకుపోవడం యజమానికి ఎంత సులువో దొంగకూ అంతే సులువు. కనుక దీని భద్రతకు ప్రత్యేక జాగ్రత్తలు అవసరం.

సాధారణ సైకిలుతో భేదం

మన ఊళ్ళలోని పెద్ద సైకిళ్ళకు వెనుక చక్రపు చువ్వల మధ్య కడ్డీ దూరే తాళం ఉంటుంది. అది చక్రాన్ని తిరగనివ్వదు గాని, సైకిలును దేనికీ బంధించదు. బరువైన సైకిలును ఎత్తుకుపోవడం కష్టం కనుక అది కొంతవరకు సరిపోతుంది. మడత సైకిలును సంచిలో పెట్టి తీసుకుపోవచ్చును. కాబట్టి దానిని కదలని వస్తువుకు కట్టివేయాలి.

బలహీన స్థానాలు

* సీటు గొట్టం: మీట వదులు చేయగానే పైకి వచ్చేస్తుంది. దీని చుట్టూ వేసిన తాళం వృథా.
* ముందు చక్రం: దీనికి మాత్రమే తాళం వేస్తే, దొంగ నట్లు విప్పి చక్రాన్ని వదిలి మిగిలినదంతా తీసుకుపోగలడు.
* నడిమి కీలు: పనిముట్లతో దీనిని విప్పితే చట్రం రెండు భాగాలవుతుంది. తాళం పడని భాగం పోతుంది.

తాళం వేసే విధానం

'యు' ఆకారపు ఉక్కు తాళాన్ని చట్రపు వెనుక త్రికోణం, వెనుక చక్రం, భూమిలో పాతిన కమ్మీ మూడింటినీ కలిపి వేయాలి. ఆ కమ్మీ పైనుండి సైకిలును ఎత్తి తీయడానికి వీలు ఉండరాదు. ముందు చక్రాన్ని, చట్రపు ముందు భాగాన్ని గొలుసుతో కలిపి కట్టాలి. సైకిలును మడిస్తే రెండు చక్రాలూ పక్కపక్కకు వస్తాయి. అప్పుడు రెండింటికీ ఒకే తాళం సరిపోవచ్చును. తాళంలో ఖాళీ ఎంత తక్కువగా ఉంటే దొంగ పనిముట్టు దూర్చడం అంత కష్టం. సీటును గొట్టంతో సహా వెంట తీసుకువెళ్ళడం మంచిది.

తాళం ఎంపిక

సన్నని తీగ తాళాలు కట్టరుతో క్షణాలలో తెగుతాయి. లావుగా ఉన్నంత మాత్రాన తాళం గట్టిదని చెప్పలేము. గుండ్రని తాళంచెవి గల కొన్ని తాళాలు బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టంతోనే తెరుచుకుంటాయని 2004లో బయటపడగా, అమెరికాకు చెందిన క్రిప్టోనైట్ సంస్థ అట్టి తాళాలను మార్చి ఇచ్చింది. బ్రిటనులో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పరీక్షించి కాంస్య, రజత, స్వర్ణ, వజ్ర శ్రేణులను ఇస్తుంది.

బ్యాటరీతో నడిచే గ్రైండరు ముందు చాలా తాళాలు ఎక్కువసేపు నిలువవు. తాళం దొంగతనాన్ని ఆలస్యం చేస్తుందే గాని పూర్తిగా ఆపలేదు. వీలున్నచోటల్లా సైకిలును మడిచి లోనికి తీసుకుపోవడమే అన్నిటికన్నా ఉత్తమం. చట్రంపై ఉన్న సంఖ్యను, కొనుగోలు రసీదును, ఫోటోను భద్రపరచుకుంటే, పోయిన సైకిలు దొరికినపుడు అది తమదేనని నిరూపించుకోవచ్చును.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* తాళం