ఇంట్లో గ్రానైట్ ఉంటే క్యాన్సర్ వస్తుందా? నిజంగా జాగ్రత్త పడాల్సింది ఎక్కడ?

వంటింట్లో గ్రానైట్ గట్టు, హాల్లో గ్రానైట్ ఫ్లోరింగ్ ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. "గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుందట, పిల్లలకు మంచిది కాదట" అనే మాట వినగానే ఇంట్లో ఆడవాళ్లకు కంగారు మొదలవుతుంది. ఇందులో నిజమెంతో చూద్దాం.

గ్రానైట్‌లో ఏముంటుంది?

భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. అందులో యురేనియం, థోరియం, పొటాషియం-40 సహజంగానే కొద్దిగా ఉంటాయి. టన్ను రాయిలో యురేనియం సాధారణంగా కొన్ని గ్రాములే. హైదరాబాద్ నగరం నిలబడిందే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. గోల్కొండ కోటకు, మక్కా మసీదుకు వాడింది కూడా ఈ రాయే.

నేల, ఆకాశం, తిండి, గాలి అన్నీ కలిపి ప్రపంచంలో ఒక మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల సహజ రేడియేషన్ అందుతుంది. వంటింటి గట్టు వల్ల దీనికి కలిసేది సాధారణంగా చాలా తక్కువ. కాబట్టి వేసిన బండ పీకించాల్సిన పని లేదు.

అసలు సమస్య రేడాన్

యురేనియం క్షీణిస్తూ పోయే క్రమంలో రేడాన్ అనే గ్యాస్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంట్లోకి అది ఎక్కువగా వచ్చేది గట్టు మీది బండ నుంచి కాదు, ఇంటి కింది నేల నుంచి, ఫ్లోరింగ్ పగుళ్ల గుండా. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. తలుపులు, కిటికీలు ఎప్పుడూ మూసి ఉండే గదుల్లో, సెల్లార్లలో పేరుకుపోతుంది. గ్రానైట్ నేల ఉన్న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఇళ్లలో రేడాన్ కొలవడం మామూలు విషయం.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్యమైన కారణం రేడాన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 100 బెకెరెల్స్ లోపు ఉండేలా చూడాలన్నది ఆ సంస్థ సూచన. సిగరెట్, బీడీ తాగేవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

బోరు నీళ్ల సంగతి

గ్రానైట్ పగుళ్లలో ఊరే నీటిలో కొన్నిచోట్ల యురేనియం, ఫ్లోరైడ్ కరిగి ఉంటాయి. నల్గొండ ఫ్లోరైడ్ బాధ మనకు తెలిసిందే. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఎక్కువైతే దెబ్బ మొదట కిడ్నీల మీద. నీళ్లు కాచినంత మాత్రాన యురేనియం గానీ ఫ్లోరైడ్ గానీ పోవు. ఆర్‌ఓ ఫిల్టర్ రెండింటినీ బాగా తగ్గిస్తుంది.

రాయి కోసేవారికి

క్వారీల్లో, కటింగ్, పాలిష్ పనుల్లో ఉన్నవారికి రేడియేషన్ కంటే పెద్ద శత్రువు దుమ్ము. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

ఇవి చేయండి

- రోజూ కాసేపు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. ఫ్లోరింగ్ పగుళ్లు పూడ్పించండి.
- తాగేది బోరు నీళ్లయితే ల్యాబ్‌లో టెస్టు చేయించండి. ఫ్లోరైడ్‌తో పాటు యురేనియం కూడా చూడమని అడగండి.
- రాయి నీళ్లు పోస్తూ కోయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, దుమ్మును ఆపే సరైన మాస్క్ కావాలి. పని బట్టలతో ఇంట్లోకి వచ్చి పిల్లల్ని ఎత్తుకోవద్దు.
- దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టర్‌కు మీ పని ఏమిటో తప్పక చెప్పండి.
- ఇంట్లో ఎవరైనా పొగతాగుతుంటే మాన్పించండి. అన్నిటికంటే ఎక్కువ మేలు దాంతోనే.