దుఃఖగీతానికి చారిత్రక భూమిక: గోరటి వెంకన్న పాట

విషాదగీతం ప్రజలను ఏడిపించి వూరుకుంటుందనీ, పోరాటానికి పనికిరాదనీ మన అభ్యుదయ విమర్శలో ఒక అభిప్రాయం చిరకాలంగా వుంది. చివరి చరణంలో జెండా ఎగరకపోతే ఆ పాటను నిరాశావాదం కింద జమకట్టే అలవాటు కూడా లేకపోలేదు. 2002లో 'కుబుసం' చిత్రంలో వందేమాతరం శ్రీనివాస్ గొంతున వినబడిన గోరటి వెంకన్న పాట 'పల్లె కన్నీరు పెడుతుందో' ఈ అభిప్రాయాన్ని తిరిగి పరిశీలించవలసిన అవసరాన్ని కలిగించింది. అది జనం నోట నిలవడానికి కారణాన్ని బాణీలో మాత్రమే వెతికితే చాలదు; చరిత్రలోనూ వెతకాలి.

ఆధునిక తెలుగు పాటలో పల్లె ప్రధానంగా మూడు రూపాల్లో కనబడుతుంది. నండూరి సుబ్బారావు 'ఎంకి పాటలు' (1925)లో అది ప్రణయానికి నెలవు. అక్కడ శ్రమ వుంది గాని దోపిడీ లేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటల్లో పల్లె రణరంగమైంది. శత్రువు గడీలో వున్నాడు, వేలెత్తి చూపవచ్చు. 1991 నూతన ఆర్థిక విధానాల తర్వాత ఆ సౌలభ్యం పోయింది. 1997–98లో వరంగల్లు జిల్లా పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకూ ఆ గతే పట్టింది. వాళ్ళ చావులకు కారణమైనవాడు ఏ వూరి గడీలోనూ లేడు.

వెంకన్న పాట ఈ మూడవ దశకు చెందినది. అందులో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె – ఒక్కొక్క వృత్తీ వరసగా మూలపడుతుంది. ఇది ఉత్త శోకం కాదు; ఉత్పత్తి సాధనాల నష్టానికి రాసిన పంచనామా. కంటికి కనబడని శత్రువు వున్నాడన్న ఎరుక కూడా ఆ దుఃఖంలోనే వుంది. పాట పొడుగునా ప్రశ్న వినబడడంలోని ఔచిత్యం అదే.

ఇక శ్రోతల సంగతి. వెంకన్న పుట్టిన పాలమూరు, గుంపు మేస్త్రీల వెంట దేశం నలుమూలలకూ వలసపోయి ఆనకట్టలు కట్టిన కూలీల జిల్లా. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో లింగంపల్లికి ఎంఎంటిఎస్ రైలు వచ్చింది. ఈ దారి పొడుగునా లేచిన మేడల పునాదుల్లో పాలమూరు చెమట వుంది. అడ్డామీద పనికోసం నిలబడిన కూలీకి ఆ పాట తాను వూరు విడవడానికి గల కారణాన్ని చెబుతుంది. వెంకన్నే రాసిన 'గల్లీ చిన్నది' అతడు చేరిన ఇరుకు సందును చూపుతుంది. రెండూ ఒకే వలసకు రెండు కొసలు.

ఇటువంటి ఉదాహరణ అమెరికాలోనూ వుంది. 1930లలో దుమ్ము తుఫానులకూ అప్పులకూ భూములు పోగొట్టుకుని ఓక్లహామా రైతులు కాలిఫోర్నియాకు తరలిపోయారు. వుడీ గత్రీ 1940లో 'డస్ట్ బౌల్ బాలడ్స్' పేరిట వాళ్ళ కథను రికార్డులకెక్కించాడు. అక్కడా దుఃఖమే సాక్ష్యమైంది.

అయితే ఒక ప్రశ్నను దాటవేయకూడదు. కన్నీరు పెట్టిన ఆ పల్లె కులాల పల్లె కూడా. అక్కడ చేతివృత్తి పుట్టుకతో వచ్చే సంకెల. వెలివాడ వూరికి అవతల. ఆ పల్లె తిరిగి రావాలని కోరుకోవడం అభ్యుదయం కాదు. కాని వృత్తి కులం చెరనుంచి విడుదల కావడం వేరు, మార్కెట్టు దెబ్బకు నాశనం కావడం వేరు. మొదటిది జరగకుండానే రెండవది జరిగింది. కమ్మరి కొడుకు కొలిమి విడిచి ఇంజనీరు అయితే ఆ పాటకు అవసరం వుండేది కాదు. అతడు అడ్డాకూలీ అయ్యాడు గనుకనే ఆ పాట పుట్టింది.

వెంకన్నకు 'వల్లంకి తాళం' సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పురస్కారం కవికి గౌరవమే; పాటకు మాత్రం విమర్శ కావాలి. ఏ దుఃఖం మనిషిని కుంగదీస్తుంది, ఏ దుఃఖం కారణం వెతికిస్తుంది – ఈ తేడా పట్టుకోగలిగిననాడే మన విమర్శ పాటకు న్యాయం చేసినట్టు.