ఉచిత కరెంటు, ఖరీదైన నీళ్ళు

తెలంగాణలోనూ రాయలసీమలోనూ నేలకింది నీటి కథను యాభై ఏళ్ళుగా కరెంటు బిల్లే నడిపిస్తోంది. ఈ యాభై ఏళ్ళలో వచ్చిన ప్రభుత్వాలన్నీ రైతు మేలు కోరే నిర్ణయాలు తీసుకున్నాయి. ప్రతి నిర్ణయానికీ అప్పటికి సరైన కారణమే ఉంది. అయినా బావులు ఎండాయి, బోర్లు లోతుకు దిగాయి, విద్యుత్ సంస్థలు అప్పుల్లో కూరుకుపోయాయి, వాటికంటే ముందే రైతులు కూరుకుపోయారు. మంచి ఉద్దేశం ఇలా ఎందుకు బెడిసికొట్టిందో తెలియాలంటే కథను మోట కాలం నుంచి చూసుకురావాలి.

వాననీటిని గొలుసుకట్టు చెరువుల్లో పట్టి నిలిపే విద్య కాకతీయుల నాటికే ఇక్కడ బాగా పండింది. రామప్ప, పాకాల, లక్నవరం అప్పటివే. చెరువు కింద మాగాణి, ఊటబావుల కింద తోటలు, మిగతాదంతా మెట్ట. తెలంగాణలో మోట, సీమలో కపిల: ఏ పేరుతో పిలిచినా ఎద్దులు లాగినంతే నీరు. ఎద్దులకు అలుపొచ్చేది కాబట్టి బావికీ ఊరే తీరిక దొరికేది. ఇక్కడి నేలకు ఆ తీరిక అవసరం. చాలాచోట్ల పైన కొద్ది మీటర్ల మెత్తటి పొర, దాని కింద గ్రానైటు. నీరు ఆ మెత్తటి పొరలో నిలుస్తుంది, రాతి పగుళ్ళలో కొంచెం ఉంటుంది. కురిసిన వానలో ఇంకేది సుమారు పదో వంతు.

1960ల మధ్యలో వచ్చిన కరువులు, ఆ వెంటే వచ్చిన హరిత విప్లవం, 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కలిసి కరెంటును పొలాల దాకా తెచ్చాయి. మోట పోయి మోటారు వచ్చింది. మొదట్లో పంపుసెట్లకు మీటర్లుండేవి, యూనిట్ల లెక్కన బిల్లు వచ్చేది. కానీ ఊళ్ళకు దూరంగా విసిరేసినట్టుండే వేల బావుల దగ్గరికి వెళ్ళి రీడింగు తీయడం, బిల్లు వసూలు చేయడం విద్యుత్ బోర్డులకు తలకు మించిన పని. రైతుకేమో బిల్లు మీదా నమ్మకం లేదు, బిల్లు తెచ్చే మనిషి మీదా నమ్మకం లేదు. పొరుగున కోయంబత్తూరు రైతులు కరెంటు ఛార్జీల మీద ఆగ్రహంతో 1972లో ఎడ్లబండ్లు తోలుకొచ్చి నగరాన్ని స్తంభింపజేశారు. ఆ తర్వాత దక్షిణాదిలో ఏ పార్టీ కూడా ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు హయాంలో శ్లాబు పద్ధతి స్థిరపడింది: హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయలు, ఎంత తోడినా అంతే. ఇది ఓట్ల కోసం చేసిన పని అని కొట్టిపారేయడం సులువు. కానీ దీని వెనక ఒక న్యాయమూ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ ఆనకట్ట 1855లో ప్రభుత్వ ఖర్చుతో పూర్తయ్యాయి. వాటి కింది డెల్టా రైతుకు నామమాత్రపు నీటితీరువాతో కాలువ నీరు పొలంలోకి వస్తుంది. మెట్ట రైతు తన డబ్బుతో బావి తవ్వుకుని, మోటారు కొనుక్కుని, పైగా నెలనెలా బిల్లు కట్టాలా? శ్లాబు ఈ ప్రశ్నకు జవాబు. మీటరు రీడింగు ఖర్చు తప్పింది కాబట్టి బోర్డూ ఊపిరి పీల్చుకుంది.

దెబ్బ నెమ్మదిగా తెలిసింది. ఏడాది రుసుము కట్టాక ఇంకో గంట మోటారు ఆడితే రైతుకు పైసా ఖర్చు కాదు. అదే కాలంలో తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీలు ఊరూరా తిరగసాగాయి. సబ్‌మెర్సిబుల్ మోటార్లు దొరికాయి. మెట్ట చేలల్లో వరి మొదలైంది. ఒక పంట వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలి. అనంతపురంలో ఏడాదంతా కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, అందులో ఇంకేది పదో వంతు. అంటే ఎకరం వరి తాగేది ఇరవై ఎకరాల ఊట. మడిలోంచి తిరిగి నేలలోకి దిగేది తీసేసినా పదెకరాల వాటాకు తగ్గదు.

మీటర్లతో పాటు లెక్కా పోయింది. వ్యవసాయానికి ఎంత కరెంటు పోతోందో ఎవరికీ తెలియకపోవడంతో, లైన్లలో పోయిందీ దొంగతనంగా పోయిందీ కూడా రైతు ఖాతాలో రాసే వెసులుబాటు బోర్డుకు దొరికింది. 1990ల చివర సంస్కరణల కోసం లెక్కలు తిరగేసినప్పుడు, సాగు పేరిట చూపిన వాడకంలో కొంత నిజానికి పంపిణీ నష్టమేనని తేలింది. అప్పటిదాకా పట్నంలో మీటరు తిప్పేసిన దుకాణం నింద కూడా పల్లె మోయాల్సి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అప్పు. ప్రభుత్వం చౌక చేసింది కరెంటునే. బోరు వేయించే ఖర్చు, కేసింగు, మోటారు, పైపులు రైతువే. నీళ్ళు పడకపోతే ఆ నష్టమూ రైతుదే. పక్క చేలో మూడించుల నీళ్ళు పడితే ఇవతలి చేలో పాయింటు పెట్టించాల్సిందే. ఇక్కడ ఇంకో వంద అడుగులు లోతుకు దిగితే అక్కడి బోరు ఒట్టిపోతుంది. నీళ్ళకు బదులు దుమ్ము లేస్తే రిగ్గు లారీ తన కూలి తీసుకుని వెళ్ళిపోతుంది, వడ్డీ మిగులుతుంది. బాగా నీళ్ళున్నవాడికి రాయితీ ఎక్కువ అందింది. నీళ్ళ కోసం పరుగెత్తినవాడికి ఎండిన బోర్లు మిగిలాయి. రైతు ఆత్మహత్యల వార్తల్లో విఫలమైన బోర్ల అప్పు మళ్ళీ మళ్ళీ కనబడింది ఇందుకే. మూత వేయకుండా వదిలేసిన బోరు గుంతల్లో పిల్లలు పడి చనిపోతుంటే సుప్రీంకోర్టు 2010లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

1999లో విద్యుత్ బోర్డును విడగొట్టి, ఛార్జీలు పెంచే దారి పట్టిన ప్రభుత్వానికి 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జనం ఎదురయ్యారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద చేశారు. ధర సున్నా అయ్యాక వాడకాన్ని ఆపడానికి మిగిలిన పగ్గం గంటలే. ఏడు గంటలు ఇస్తామన్నారు, అదీ విడతలుగా, తరచుగా రాత్రిపూట. చీకట్లో చేనికి వెళ్ళి పాము కాటుకో కరెంటు షాకుకో గురైనవాళ్ళెందరో. ఆ ప్రాణభయానికి రైతు కనిపెట్టుకున్న విరుగుడు ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది, పోయేదాకా ఆడుతూనే ఉంటుంది. ఫీడరు కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచేసరికి వోల్టేజి పడిపోయేది, మోటార్ల వైండింగు మాడేది, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. బాగు చేయించడానికి రైతులే చందాలు వేసుకునేవారు. కరెంటు పొదుపు కోసం పెట్టిన గంటల కోత చివరికి అవసరం లేని నీటిని కూడా తోడించింది.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తూ, ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలింది. మోటార్లు కాలడం తగ్గింది, రాత్రి కాపలా తప్పింది. మిషన్ కాకతీయతో చెరువుల్లో పూడిక తీశారు, మంచి వానలు పడ్డాయి, చాలాచోట్ల నీటిమట్టం పైకొచ్చింది. ఇదంతా నిజమైన మేలే. కానీ వచ్చిన నీరు నేరుగా వరి మడిలోకే వెళ్ళింది. యాసంగి వడ్ల నుంచి వచ్చే ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం తేల్చేయడంతో, 2021–22 యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రమే రైతులకు చెప్పాల్సి వచ్చింది.

చట్టంతో కట్టడి చేయలేరా అంటే, అదీ చేసి చూశారు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. రాత్రికి రాత్రి వచ్చి పోయే రిగ్గును ఆపేవారు లేక అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. వేరే చట్టం తెచ్చి గట్టిగా అమలు చేసిన పంజాబ్ అనుభవం ఇంకా విచిత్రం. అక్కడ 1997లో ఉచిత కరెంటు వచ్చింది, నీటిమట్టం పడిపోయింది. దాన్ని ఆపేందుకు 2009 చట్టం జూన్ 10కి ముందు వరి నాటడాన్ని నిషేధించింది. మండుటెండల్లో ఆవిరయ్యే నీరు మిగిలింది గానీ కోత ఆలస్యమైంది. గోధుమ విత్తడానికి రోజులు చాలక రైతులు గడ్డిని పొలంలోనే తగలబెట్టారు. ఆ మంటలు గాలి స్తంభించే అక్టోబరు చివరి, నవంబరు రోజుల్లోకి జరిగాయి. నీటిని కాపాడిన చట్టం ఢిల్లీ పొగను మరింత చిక్కబరిచింది.

ఇన్ని వైఫల్యాల మధ్య తెలుగు నేల మీదే ఒక భిన్నమైన ప్రయోగం జరిగింది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్ళలో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. పంటకాలానికి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. ఎవరినీ ఏ పంటా మానమనలేదు, ధర పెట్టలేదు, జరిమానా వేయలేదు. చాలా ఊళ్ళలో రైతులు తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు. అప్పటిదాకా ఎవరికీ కనిపించని నీరు అందరికీ అంకెల్లో కనిపించడమే ఇక్కడ తేడా.

కాబట్టి ఉచితమా, బిల్లా అన్న తగువు అసలు తప్పును మరుగున పెడుతోంది. మెట్ట రైతుకు సాయం చేయడం న్యాయమే. దాన్ని మోటారుకు ముడిపెట్టడం తప్పు. మోటారు ఎంత ఆడితే అంత సాయం అందే ఏర్పాటులో నీటిని మిగిల్చినవాడే నష్టపోతాడు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పథకం ఎకరానికి ఇంత అని ఇచ్చింది. కౌలు రైతును వదిలేయడం దాని లోపం. అయినా బోరు ఉందా లేదా అని అడగకుండా డబ్బు అందించవచ్చని అది చూపించింది. ఇప్పుడు పీఎం కుసుమ్ పథకం కింద సోలార్ పంపులు వస్తున్నాయి. ఎండ ఉన్నంతసేపూ బిల్లు లేని కరెంటు, ఇక గంటల కోతకూ చోటు లేదు. ఆ పథకంలోనే, తోడకుండా మిగిల్చిన కరెంటును గ్రిడ్డుకు అమ్ముకునే వీలు కూడా ఉంది. ఆ అమ్మకం ధర రైతుకు గిట్టుబాటయ్యేలా ఉండాలి, ఊరి నీటి లెక్క ఊరి చేతిలో ఉండాలి. ఈ రెండూ లేకుండా సోలార్ పలకలు మాత్రమే పంచితే 1983 నాటి శ్లాబే సోలార్ రూపంలో తిరిగొస్తుంది.