యౌవనుల చేతికి కనికరపు పని

యౌవనస్థులకు కనికరమును గూర్చి బోధించుట సులభము. కనికరము చూపుట వారికి అలవాటు చేయుట కష్టము. మంచి సమరయుని ఉపమానమును తడుముకొనక చెప్పగల పిల్లలు మన సంఘములలో అనేకులున్నారు. అయితే ఆరాధన ముగిసిన పిమ్మట మెట్లు దిగలేక నిలిచిన వృద్ధురాలికి చేయి అందించువారు ఎందరు? ఈ ప్రశ్న నేటిది మాత్రమే కాదు. నూరేండ్లకు పూర్వమే ఒక కాపరి దీనికి జవాబు వెదకెను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున పోర్ట్‌లాండ్ అను పట్టణము కలదు. అచ్చటి విల్లిస్టన్ సంఘ కాపరి రెవరెండ్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ క్లార్క్ గారు. ఒక శీతకాలమున ఆ సంఘములో అనేకమంది చిన్నవారు ప్రభువు నంగీకరించిరి. వారి ఉత్సాహము చల్లారకుండ కాపాడుట యెట్లు అన్నదే ఆయన చింత. 1881 ఫిబ్రవరి 2వ తేదీన వారిని తన యింటికి పిలిచి, క్రిష్టియన్ ఎండీవర్ సంఘమును స్థాపించిరి.

ఆ సంఘములో ఊరక కూర్చుండు సభ్యునికి చోటు లేదు. క్రొత్తవారిని చేర్చి కనిపెట్టుటకు ఒక కమిటీ, ప్రార్థన కూటములకు ఒకటి, స్నేహము పెంచుటకు మరియొకటి ఏర్పడెను. తరువాతి కాలమున పువ్వుల కమిటీలు కూడ వెలసినవి. గుడిని అలంకరించిన పువ్వులను రోగుల యొద్దకు చేర్చుట వీరి పని. నెలకొకమారు జరుగు సమర్పణ కూటములో పేర్లు పిలువగా ప్రతివాడును జవాబియ్యవలెను. కమిటీలు తాము చేసిన పనికి లెక్క చెప్పవలెను.

ఈ యేర్పాటులోని జ్ఞానమును గమనించుడి. పువ్వులు తీసికొని వెళ్లిన పిల్లవాడు రోగి మంచము ప్రక్కన నిలువవలెను, అతని పేరు అడుగవలెను, అతని బాధ వినవలెను. ప్రసంగము విన్నప్పుడు కలుగని కనికరము అచ్చట కలుగును. తెలుగు సంఘములలోను ఎండీవర్ కూటములు ఏర్పడినవి. కాని పని లేనిచోట పాటలు, పోటీలు, బహుమతులు మాత్రమే మిగులును.

ఆ కనికరము మన సంఘపు గోడలలోనే నిలిచిపోరాదు. ఇందుకు సాక్ష్యము మన తెలుగు నేలపైనే కలదు. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో, మెథడిస్టు మిషనరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్, రెవరెండ్ జార్జి కెర్ దంపతులు 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరచిరి. సొంత యింటివారే తాకుటకు వెరచిన రోగులకు అచ్చట చికిత్స దొరకెను. దానికి ధారాళముగా ధనమిచ్చిన రాజా నర్సా గౌడ్ గారు హిందువు. కనికరము క్రైస్తవుల సొత్తు మాత్రమే యని తలంచు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.

కాబట్టి మన అధ్యక్ష మండలములోని ప్రతి యువజన కూటమికి నాదొక మనవి. ప్రతి యౌవనునికి ఒక మనిషిని అప్పగింపుడి. ఒంటరిగానున్న ముసలివారు కావచ్చును, మంచముపట్టిన పొరుగువారు కావచ్చును, చదువులో వెనుకబడిన తోటి విద్యార్థి కావచ్చును. వారి కులమతములు అడుగవద్దు. వారమునకొకసారి చూచి రమ్మనుడి. నెలాఖరున పేరు పిలిచి, ఏమి చేసితివని ప్రేమతో అడుగుడి. మనము అడుగుట మానినచో వారు చేయుటయు మానుదురు. పెద్దలమైన మనము కూడ ఒక్కొక్కరి భారము వహించినయెడల, అడుగుటకు మనకు నోరుండును.