చెత్తను మండించే ఇసుక.. ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతితో లాభాలేంటి? అసలు మెలిక ఎక్కడుంది?

చెత్తను తగలబెట్టి కరెంటు తీయడం.. వినడానికి ఈజీగానే ఉంటుంది. కానీ మన నగరాల చెత్త అంత తేలిగ్గా మండదు. అందులో దాదాపు సగం తేమే. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కవర్లు, పాత గుడ్డలు.. అన్నీ ఒకే సంచిలో వచ్చేస్తాయి. ఇలాంటి తడి, కలగలుపు ఇంధనాన్ని కూడా నిలకడగా మండించగల పద్ధతి ఒకటుంది. అదే ఫ్లూయిడైజ్డ్ బెడ్ కంబషన్. షార్ట్‌గా ఎఫ్‌బీసీ అంటారు. ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుంది? లాభాలేంటి? ఇబ్బందులేంటి? తెలుసుకుందాం.

తడి చెత్తతో వచ్చే చిక్కు

మరుగుతున్న నీరు ఒక కిలో ఆవిరైపోవాలంటే దాదాపు 540 కిలో కేలరీల వేడి కావాలి. అంటే కిలో చెత్తలో అర కిలో నీళ్లుంటే, ఆ నీటిని ఆవిరి చేయడానికే 270 కిలో కేలరీలు పోతాయి. ఆ తర్వాత మిగిలిన వేడితోనే కరెంటు తీయాలి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఢిల్లీ చూసింది. 1987లో తిమార్‌పూర్‌లో రోజుకు 300 టన్నుల చెత్తతో 3.75 మెగావాట్ల కరెంటు తీసేలా ప్లాంటు కట్టారు. టెక్నాలజీ డెన్మార్క్‌ది. తీరా అక్కడికి వచ్చిన చెత్తలో డిజైన్‌లో అనుకున్నంత వేడి విలువ లేదు. కొన్ని వారాలకే ప్లాంటు ఆగిపోయింది.

ఇసుకలో పల్లీలు వేయించినట్టే

రోడ్డు పక్కన బండి మీద పల్లీలు వేయించడం అందరూ చూసే ఉంటారు. మూకుడులో వేడి ఇసుక పోసి, అందులో పల్లీలు వేసి కలుపుతారు. ఇసుక ప్రతి గింజనూ అన్ని వైపుల నుంచీ తాకుతుంది కాబట్టి సమానంగా వేగుతాయి. ఎఫ్‌బీసీలో జరిగేదీ దాదాపు ఇదే. తేడా ఏంటంటే.. ఇక్కడ కలిపేది గరిటె కాదు, గాలి.

కొలిమి అడుగున సన్నని రంధ్రాలున్న ప్లేటు ఉంటుంది. దాని మీద ఇసుక పరుస్తారు. కింద నుంచి పెద్ద ఫ్యాన్లతో గాలి కొడతారు. గాలి వేగం ఒక స్థాయి దాటగానే ఇసుక పైకి లేచి, మరిగే నీళ్లలా బుడగలు కక్కుతూ కదులుతుంది. ద్రవంలా కదులుతుంది కాబట్టే ఆ పేరు. మొదట ఆయిల్ లేదా గ్యాస్ బర్నర్‌తో ఇసుకను వేడెక్కించి, ఆ తర్వాత ముక్కలు చేసిన చెత్తను వేస్తారు. బెడ్ ఉష్ణోగ్రత సాధారణంగా 800 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ వేడికి బాయిలర్ గొట్టాల్లోని నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఇసుక బెడ్‌లోనే ఉండి బుడగలు కక్కితే బబ్లింగ్ రకం. గాలి వేగం ఇంకా పెంచితే ఇసుక, సగం కాలిన రేణువులు పైకి ఎగిరిపోతాయి. వాటిని సైక్లోన్ అనే పరికరంతో పట్టి మళ్లీ కొలిమిలోకి పంపితే సర్క్యులేటింగ్ రకం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ వింక్లర్ 1920లలోనే లిగ్నైట్ బొగ్గు నుంచి గ్యాస్ తీయడానికి దీన్ని వాడారు.

లాభాలు ఇవే..

తడిని తట్టుకుంటుంది: బెడ్‌లో ఎప్పుడు చూసినా ఇంధనం కొద్ది శాతమే. మిగతాదంతా వేడి ఇసుక, బూడిద. అందుకే మధ్యలో ఒక తడి ముద్ద వచ్చి పడినా మంట పడిపోదు. ఇసుకలో దాచుకున్న వేడే దాన్ని ఆరబెట్టి అంటిస్తుంది.

రకరకాల ఇంధనాలు: చెత్త, చెక్క పొట్టు, ఊక, ఎస్టీపీల్లో మిగిలే బురద, బొగ్గు.. డిజైన్‌ను బట్టి ఒకే కొలిమిలో కలిపి కాల్చొచ్చు.

పూర్తిగా కాలుతుంది: గాలి, ఇంధనం బాగా కలుస్తాయి కాబట్టి బూడిదలో కాలకుండా మిగిలేది చాలా తక్కువ.

కాలుష్యం కొంత అదుపులో: మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్ కూడా నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. 850 డిగ్రీల దగ్గర అది చాలా తక్కువ. ఇక సల్ఫర్ డయాక్సైడ్ సంగతి. బెడ్‌లోనే సున్నపురాయి పొడి వేస్తే దాన్ని పట్టేసి, జిప్సం జాతి ఘన పదార్థంగా మార్చేస్తుంది.

మెయింటెనెన్స్: మంట లోపల కదిలే ఇనుప భాగాలు ఉండవు. కాసేపు ఆపినా ఇసుక వేడి నిలుపుకుంటుంది కాబట్టి మళ్లీ స్టార్ట్ చేయడం తేలిక.

మరి ఇబ్బందులేంటి?

తడిని భరించే ఈ కొలిమి.. అడ్డదిడ్డంగా వచ్చే చెత్తను మాత్రం భరించలేదు. చెత్తను ముందే చిన్న ముక్కలుగా కోయాలి. ఇనుము, రాళ్లు, గాజు తీసేయాలి. ఇనుప తీగలు, రాళ్లు అడుగున చేరితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గాజు మెత్తబడి ఇసుకను అంటించేస్తుంది. కొన్ని రకాల బూడిదలోని సోడియం, పొటాషియం కూడా ఇసుకను గడ్డ కట్టిస్తాయి. గడ్డ కడితే బెడ్ కదలదు. ప్లాంటు ఆపి, గడ్డలు తీయాల్సిందే.

ఫ్యాన్లకూ కరెంటు ఎక్కువే కావాలి. పైగా గాలితో ఎగిరే బూడిద ఎక్కువ. అందులో భార లోహాలు ఉంటాయి కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పోయడానికి లేదు. పీవీసీ ప్లాస్టిక్ కాలితే వచ్చే క్లోరిన్ వాయువులు బాయిలర్ గొట్టాలను తినేస్తాయి. డయాక్సిన్ల భయమూ ఉంది. అందుకే యూరప్‌లో చెత్త కాల్చే ప్లాంట్లలో పొగ కనీసం 2 సెకన్ల పాటు 850 డిగ్రీల వేడిలో ఉండాలన్న రూల్ పెట్టారు. ఆ తర్వాత సున్నం, యాక్టివేటెడ్ కార్బన్, బ్యాగ్ ఫిల్టర్లు తప్పనిసరిగా ఉండాల్సిందే. ఎఫ్‌బీసీ అయినంత మాత్రాన ఆ ఖర్చు తప్పదు.

ఎక్కడెక్కడ వాడుతున్నారు?

జపాన్‌లో చాలా మున్సిపాలిటీలు ఈ రకం కొలిములు పెట్టాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం లా క్రాస్‌లో పాత బొగ్గు బాయిలర్లను మార్చి, చెక్కతో పాటు చెత్త నుంచి తయారుచేసిన ఇంధనాన్ని కాలుస్తున్నారు. ఫిన్లాండ్‌లోని లాహ్టిలో 2012లో మొదలైన ప్లాంటు ఏర్పాటు కాస్త వేరు. అక్కడ సర్క్యులేటింగ్ బెడ్‌లో వేరు చేసిన చెత్తను ముందు గ్యాస్‌గా మార్చి, శుభ్రం చేసి, తర్వాత మండిస్తారు. 50 మెగావాట్ల కరెంటుతో పాటు ఊరికి 90 మెగావాట్ల వేడి ఇచ్చే సామర్థ్యం దానిది.

చైనా అనుభవం మరో పాఠం. తడి చెత్తను బొగ్గుతో కలిపి కాల్చేందుకు అక్కడ ఈ ప్లాంట్లు చాలా కట్టారు. కాలుష్య రూల్స్ కఠినమయ్యాక, కదిలే ఇనుప పలకల మీద చెత్తను కాల్చే గ్రేట్ రకం ప్లాంట్లవైపు మొగ్గారు. చెత్తను ముందే సిద్ధం చేయకుండా వేస్తే మంట నిలకడ తప్పడం అందుకు ఒక కారణం.

మన దగ్గర సంగతేంటి?

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. గుంటూరు, విశాఖలో 15 మెగావాట్ల చొప్పున ప్లాంట్లు వచ్చాయి. దేశంలో చెత్త కరెంటు ప్లాంట్లలో ఎక్కువ శాతం గ్రేట్ రకమే. అయితే ఎఫ్‌బీసీ తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. ఊకతో నడిచే బాయిలర్లలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఊక పొడిగా, ఒకే సైజులో, ఒకే రకంగా వస్తుంది కాబట్టి అక్కడ సాఫీగా నడుస్తుంది. చెత్త విషయంలో లేనిది సరిగ్గా అదే.

రీసైకిల్‌కు పనికిరాని, కిలోకు 1500 కిలో కేలరీలు లేదా అంతకు మించి వేడి విలువ ఉన్న చెత్తను పూడ్చకుండా శక్తి తయారీకే వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలన్నదీ ఆ నిబంధనల్లోనే చెప్పారు. తడి చెత్త ఎరువుకో, బయోగ్యాస్‌కో పోతే.. మిగిలిన పొడి చెత్త వేడి విలువ దానంతట అదే పెరుగుతుంది. గాజు సీసా, పాత బ్యాటరీ పక్కకు తీస్తే ప్లాంటులో బెడ్ గడ్డకట్టే ముప్పు, పొగలో విషాలు కూడా తగ్గుతాయి. కోట్లు పోసి కొన్న కొలిమి సరిగ్గా నడవాలంటే.. ముందు వంటింట్లో రెండు డబ్బాలు, ప్రమాదకర చెత్తకు ఒక సంచి ఉండాల్సిందే.