రెండు వందల గంటల ఋణం

అల్వాల్‌లో మా మిద్దె మీద ఉదయం పూట నిలబడితే విమానాల రొద వినిపిస్తుంది. హకీంపేట వైమానిక స్థావరం మాకు దగ్గర. దుండిగల్ అకాడమీ కూడా మరీ దూరం కాదు. ఆ శిక్షణ విమానంలో కూర్చున్న కుర్రవాడు ఎగిరే ప్రతి గంట ఖర్చూ ప్రభుత్వానిది. పైగా అతనికి భత్యం కూడా ఇస్తారు. ఇదే నగరంలో బేగంపేటలోనూ, నాదర్‌గుల్‌లోనూ పౌర శిక్షణ కోసం చిన్న సెస్నాలు ఎగిరేవి. వాటిలో కూర్చున్నవాడి గంటకు మాత్రం తండ్రి లెక్క చెప్పుకోవాలి. ఆ లెక్క గురించే ఈ నాలుగు మాటలు.

వృత్తిరీత్యా పదాల వెంట పోవడం నాకు అలవాటు. విమానము అనే మాటలో ‘మా’ ధాతువున్నది. దానికి కొలుచుట అని అర్థం. మా ఊరి వేంకటేశ్వరుని గుడి మీది విమానమూ, ఆకాశంలో పోయే విమానమూ ఒక్క మాటే. పైలట్ చదువులో ఈ కొలత గంటలలో ఉంటుంది. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి.

ఈ గంటలకు డబ్బు కట్టినవారు కాలానుగుణంగా మారుతూ వచ్చారు. మొదట శ్రీమంతులు. 1929 ఫిబ్రవరిలో బొంబాయి ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొంది లైసెన్సు అందుకొన్న జె.ఆర్.డి. టాటాకు అప్పు చేయవలసిన అగత్యం లేదు. ఆ క్లబ్బులకు కూడా సర్కారు సహాయధనం ఉండేది. స్వతంత్రం వచ్చిన తరువాతా ఆ పద్ధతి చాలాకాలం సాగినది. 1936లో హైదరాబాదులో బాబర్ మీర్జా ఏరో క్లబ్బు స్థాపించారు. తరువాత బేగంపేట కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ నడిచినది. 1953 జాతీయకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. మధ్యతరగతివాడికి ఆనాడు ఆకాశం చేరే రాజమార్గం వైమానిక దళమే.

2003లో ఎయిర్ దక్కన్ వచ్చి చవక టిక్కెట్ల కాలం మొదలైనది. 2005లో కింగ్‌ఫిషర్, స్పైస్‌జెట్, 2006లో ఇండిగో. పైలట్లు చాలక విదేశాల నుండి రప్పించుకొన్నారు. అప్పుడు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివిన ప్రతి పిల్లవాడి కళ్ళూ పైకి లేచాయి. డబ్బు కట్టవలసినవాడు ఇప్పుడు తండ్రి.

ఆ తండ్రులలో ఒకరు మా పేటవారే. ఆయన కుమారుడు నా శిష్యుడు. 2007 వేసవిలో ఒక సాయంకాలం వచ్చి కూర్చున్నారు. ఇరవై యేళ్ళ ఉద్యోగంలో కూడబెట్టిన భవిష్యనిధి, పాడిన చీటీ డబ్బు, ఇల్లాలి మెడలోని గొలుసు అన్నీ చేర్చినా సగం కాలేదట. శిక్షణ మొత్తానికి 15 లక్షలకు పైమాటే. అనగా గంటకు ఏడున్నర వేలు. అది ఆనాటి నా నెల జీతంలో సగం.

బ్యాంకు ఉన్నది కదా అంటారు. 2001లో వచ్చిన విద్యాఋణ పథకంలో దేశంలోని చదువుకు గరిష్ఠంగా 7.5 లక్షలు. 4 లక్షల వరకు హామీ అక్కరలేదు. ఆ పైన మూడవ మనిషి జామీను కావాలి. ఇంజనీరింగు చదువుకు అమరిన చొక్కా అది, విమానం చదువుకు పొట్టిదైనది. మిగిలిన దానికి ఇల్లు తాకట్టు పెట్టాలి. ఆయన నా వద్దకు వచ్చినది జామీను సంతకం కోసం.

నేను పెట్టలేదు. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. ‘అప్పుచేసి పప్పుకూడు’ అనే సామెత చెప్పాను. ఆయన లేచి, “పప్పుకూడు గాదు సారూ, పిల్లగాని చదువు” అని వెళ్ళిపోయారు. సంతకం మరెవరో పెట్టారు. ఇల్లు తాకట్టుకు పోయినది.

ఈ పదిహేడు పద్దెనిమిదేళ్ళలో నేను తెలుసుకొన్నది ఏమంటే, ఆ తండ్రి ఒంటరి కాడు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య పదిహేడేళ్ళకే రాయబరేలీ దగ్గరి ఇందిరాగాంధీ జాతీయ ఉడాన్ అకాడమీలో చేరినది. ఆమె తండ్రి సైన్యంలో పనిచేసినవారు. అప్పులతోనే ఆమెను చదివించారు. ఆమె పందొమ్మిదేళ్ళకు ఎయిరిండియాలో చేరి, 2017 నాటికి, ముప్ఫై యేళ్ళకు, బోయింగ్ 777 కమాండర్ అయినది. ఇక పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా. 2007లో ఇక్కడి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరడానికి సియాసత్ పత్రిక సంపాదకులు జాహిద్ అలీఖాన్ ఆసరా ఇచ్చారు. 2013లో లైసెన్సు వచ్చినది. అయినా చదువు ముగియలేదు. పెద్ద విమానం నడపడానికి వేరే శిక్షణ, దానికి వేరే లక్షలు. తెలంగాణ ప్రభుత్వం సుమారు 35 లక్షలు ఇచ్చిన తరువాత గాని ఆమె దారి తెరుచుకోలేదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకిచ్చే కేంద్ర ఉపకారవేతనాలలో కూడా పైలట్ చదువు చేరి ఉన్నది. తాకట్టుకు ఇల్లే లేనివారికి ఇటువంటి చేయూతే ఆధారం.

మా శిష్యుడు గంటలు పూర్తి చేసేసరికి 2009. అప్పటికే లోకమంతా ఆర్థికమాంద్యం. విమానసంస్థలు కొత్తవారిని తీసుకోవడం తగ్గించాయి. 2012లో కింగ్‌ఫిషర్ మూతపడి అనుభవజ్ఞులే వీధిన పడ్డారు. ఇక్కడ బయటివారికి తోచని సంగతి ఒకటున్నది. నా పండిత శిక్షణ పట్టా నలభై యేళ్ళుగా బీరువాలో ఉన్నా చెడలేదు. పైలట్ లైసెన్సు అట్లా కాదు. ఎగరకుండా కూర్చుంటే అది చెల్లకుండా పోతుంది. వైద్యపరీక్ష ఎప్పటికప్పుడు చేయించుకోవాలి, మరికొన్ని గంటలు డబ్బుపెట్టి ఎగరాలి. కొలువు లేనివాడు కొలువుకు అర్హుడిగా మిగలడానికే మళ్ళీ అప్పు చేయాలి. ఇటు చదువు ముగిసిన ఏడాదికి బ్యాంకు వాయిదాలు మొదలు.

ఆ కుర్రవాడు రాత్రివేళ కాల్ సెంటర్‌లో పనిచేసి తండ్రితో పాటు వాయిదాలు కట్టాడు. 2014లో కొలువు దొరికినది. 2020లో కరోనా వచ్చి జీతాలు కోసినప్పుడు మళ్ళీ తండ్రి పింఛను నుండే కొంత కట్టారని తరువాత తెలిసినది. ఆ సంవత్సరాలన్నిటిలో ఆయన వీధిలో కనబడితే నమస్కారం పెట్టేవారు, ఆగేవారు కాదు.

మొన్న శ్రావణంలో మా ఇంటికి వచ్చారు. చేతిలో పాత గోధుమరంగు కవరు. బ్యాంకు తిరిగి ఇచ్చిన ఇంటి దస్తావేజు. నేను పాత సామెత సంగతి ఎత్తబోతుంటే వినిపించుకోలేదు.

“అక్షరాలు మాసినయి సారూ, నా కండ్లకు ఆనుతలేవు. హద్దులు సరిగ్గ ఉన్నయో లేదో జర చదివి పెట్టుండ్రి” అన్నారు.

అద్దాలు తెచ్చుకొని చదివాను. తూర్పున ఇరవై అడుగుల బాట. పడమట పరుల ఇల్లు. ఉత్తరాన ఖాళీ స్థలం. అక్కడ ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉన్నది. దక్షిణాన చేదబావి అని వ్రాసి ఉన్నది. ఆ బావి పూడ్చి చాలా ఏళ్ళయినదని ఆయనే చెప్పారు.