జోన్స్ ఫ్రాక్చర్ – పాదవైద్యం

చిటికెన వేలి వైపు, పాదం వెలుపలి అంచున ఉండే ఐదో మెటాటార్సల్ ఎముక మొదలుకు కాస్త ముందు విరగడాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. బ్రిటిష్ ఎముకల వైద్యుడు రాబర్ట్ జోన్స్ డాన్స్ చేస్తుండగా ఆయన పాదానికే ఈ గాయమైంది. 1902లో ఆయన దాన్ని మరికొందరి కేసులతో కలిపి ప్రచురించారు.

ఆ చోట రక్తప్రసరణ తక్కువ. అందుకే ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. సాధారణంగా 6 నుంచి 8 వారాలు బరువు మోపకుండా కట్టులో ఉంచుతారు. క్రీడాకారులకు తరచు ఎముక లోపల స్క్రూ బిగిస్తారు.

కట్టు విప్పాక పోడియాట్రీ (పాదవైద్యం) పాత్ర మరింత ముఖ్యం. పాదవైద్యులు రోగి నడకను గమనించి, బరువు ఎక్కడ పడుతోందో చూస్తారు. పాదం వంపు ఎత్తుగా ఉన్నా, మడమ లోపలికి వాలి ఉన్నా భారమంతా వెలుపలి అంచుమీదే పడుతుంది. దాన్ని సరిచేయకపోతే అతికిన ఎముక మళ్లీ విరగవచ్చు. అందుకే కొలతకు తగ్గ ఇన్‌సోల్, గట్టి అడుగున్న బూటు ఇస్తారు, బరువు మోపడాన్ని క్రమంగా పెంచుతారు. పిక్క, చీలమండ వ్యాయామాలు దీనికి తోడు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి నొప్పి హెచ్చరిక అందదు కాబట్టి, వారిని మరింత దగ్గరగా గమనించాలి.

బ్రిటన్, అమెరికాల్లో పోడియాట్రీ ప్రత్యేక వృత్తి. మన దగ్గర ఈ పనిని ఎక్కువగా ఎముకల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు చూస్తారు. కాలు మడతపడ్డాక పాదం వెలుపలి అంచున నొక్కితే నొప్పి ఉంటే, బెణుకని వదిలేయక ఎక్స్‌రే తీయించుకోండి.